శ్రీశైలంలో 1,670 మెగావాట్లు ఉన్నా ఏడాదంతా కరెంటు ఎందుకు రాదు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. కృష్ణా వరద లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతుంటే ఆ నీటితో ఇంకా కరెంటు ఎందుకు తీయరు అన్నది మొదటిది. వాన పడుతున్నంత కాలం నీరు వస్తూనే ఉంటుంది, పొగ లేదు, బొగ్గు ఖర్చు లేదు, మరి జలవిద్యుత్ మీద కొందరికి అభ్యంతరం ఎందుకు అన్నది రెండోది. నీటిని పైకి పంపు చేసి దాచి, అవసరమైనప్పుడు కిందికి దించి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజ్ ప్లాంట్లు ఇచ్చే కరెంటు కన్నా తీసుకునే కరెంటే ఎక్కువట కదా, అలాంటివాటిని ఎందుకు కడుతున్నారు అన్నది మూడోది. హైడల్ స్టేషన్లలో, అంటే జలవిద్యుత్ కేంద్రాల్లో, ఆపరేషన్ వైపూ మెయింటెనెన్స్ వైపూ పనిచేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. మధ్యలో కొన్ని లెక్కలు వస్తాయి. హైస్కూల్ లెక్కలే, దాటేయకుండా చదవండి. ఈ విషయం మీద జరిగే వాదనల్లో సగం ఆ లెక్కలు వేయకపోవడం వల్ల పుట్టినవే.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. జలవిద్యుత్ విలువ అది ఏడాదిలో ఎన్ని యూనిట్లు ఇస్తుందన్న దానిలో లేదు, అడిగిన నిమిషానికి ఇవ్వగలగడంలో ఉంది. అలాగే ప్రతి ఏడాదీ తిరిగి వచ్చేది నీరు మాత్రమే, జలాశయం తిరిగి రాదు. ఈ రెండూ పట్టుకుంటే మీ మూడు ప్రశ్నలకూ దారి దొరుకుతుంది.

నీటి నుంచి ఎంత కరెంటు వస్తుందో తేల్చేవి రెండే విషయాలు. సెకనుకు ఎంత నీరు వస్తోంది, అది ఎంత ఎత్తు నుంచి దిగుతోంది. ఈ ఎత్తునే స్టేషన్లో హెడ్ అంటాం. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు కిందికి దిగితే 9.81 కిలోవాట్ల శక్తి. నీటిని టర్బైన్ దాకా తెచ్చే పెద్ద గొట్టం (పెన్‌స్టాక్) రాపిడిలో, టర్బైన్లో, జనరేటర్లో పోయేది పోగా చేతికి వచ్చేది 8.5 నుంచి 9 కిలోవాట్లు.

ఇప్పుడు శ్రీశైలం తీసుకోండి. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. కింద నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, సాగర్ నిండితే ఆ నీరు శ్రీశైలం డ్యామ్ పాదాల దాకా వచ్చి నిలబడుతుంది. రెండూ నిండి ఉన్నప్పుడు తేడా 295 అడుగులు, అంటే దాదాపు 90 మీటర్లు. ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు (అంటే మెషీన్లు) 6 ఉన్నాయి, మొత్తం 900. కుడి గట్టున 110 మెగావాట్లవి 7, మొత్తం 770. రెండూ కలిపితే పైన చెప్పిన 1,670. ఎడమ గట్టున ఒక యూనిట్ ఫుల్ లోడ్ మీద తిరిగితే సుమారు 7,000 క్యూసెక్కులు కావాలి. అది సెకనుకు 200 ఘనపు మీటర్లు. ఆ లెక్కన ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపు అడుగులు) నీరు శ్రీశైలం టర్బైన్ల గుండా వెళ్తే దాదాపు 58 లక్షల యూనిట్లు వస్తాయి.

58 లక్షలంటే పెద్ద అంకెలా కనిపిస్తుంది. మరి జలాశయం మొత్తం లెక్క చూద్దాం. 885 అడుగుల దగ్గర ఇప్పుడు నిల్వ 215 టీఎంసీలు. 854 అడుగులకు దిగితే మిగిలేది దాదాపు 90. మధ్యలో ఉన్న 125 టీఎంసీలనూ కరెంటుకే వాడేశాం అనుకోండి, వచ్చేది 70 కోట్ల యూనిట్ల పైచిలుకు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపి రోజుకు 40 కోట్ల యూనిట్లకు పైగా వాడుతున్నాయి. నిండు శ్రీశైలాన్ని 31 అడుగులు దించినా మనకు రెండు రోజుల కరెంటు రాదు. వరద సీజన్లో జలాశయం పదే పదే నిండుతుంది, ఖాళీ అవుతుంది కాబట్టి ఏడాదికి వచ్చేది ఇంతకన్నా చాలా ఎక్కువే. కానీ "హైడల్‌తో అన్నీ నడిపించేద్దాం" అనే మాట ఎందుకు కుదరదో ఈ ఒక్క లెక్కతోనే తెలుస్తుంది.

దీన్నే రెండో వైపు నుంచి కూడా చూడవచ్చు. 1,670 మెగావాట్లూ 365 రోజులూ ఆగకుండా తిరగాలంటే ఏడాదికి 1,463 కోట్ల యూనిట్లు. దానికి టర్బైన్ల గుండా వెళ్లాల్సిన నీరు 2,500 టీఎంసీలు. కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం విశ్వసనీయత మీద, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు దొరుకుతుందన్న లెక్కన, కృష్ణా బేసిన్ మొత్తానికి లెక్కగట్టిన నీరే 2,060 టీఎంసీలు. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700 పోగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 800. అంటే మొత్తం కృష్ణమ్మను తెచ్చి శ్రీశైలంలో పోసినా ఆ మెషీన్లు ఏడాదంతా తిరగవు. ఇది ప్లానింగ్‌లో జరిగిన పొరపాటు కాదు. ఆ స్టేషన్ను ఏడాదంతా తిప్పడానికి కట్టలేదు. రోజులో డిమాండ్ పైకి ఎగిరే కొన్ని గంటల కోసం, వరద ఉన్న కొన్ని వారాల కోసం కట్టారు. మెగావాట్లు ఒక్క క్షణంలో ఎంత ఇవ్వగలదో చెబుతాయి. ఏడాదిలో ఎంత ఇచ్చిందో చెప్పేవి యూనిట్లు. పేపర్లో హెడ్డింగులు ఈ రెండింటినీ కలిపేస్తుంటాయి.

ఇక వరద సంగతి. ఎడమ గట్టు 6 యూనిట్లూ తిరిగితే 42,000 క్యూసెక్కులు, కుడి గట్టు 7 తిరిగితే మరో 30 వేల పైచిలుకు. కలిపి 70 వేల చిల్లర. ఇంతకు మించి ఎంత వరద వచ్చినా అది డ్యామ్ పైనుండే వరద గేట్ల (క్రెస్ట్ గేట్లు) మీద నుంచే పోవాలి. మూడు నాలుగు లక్షల క్యూసెక్కులు వచ్చే రోజులు మామూలే. 2009 అక్టోబరులో అయితే 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చి, నీటిమట్టం 885 దాటి 896 అడుగులకు ఎక్కింది. "గేట్ల మీద నుంచి పోయే నీటికి కూడా టర్బైన్లు పెట్టొచ్చు కదా" అంటారు. పెట్టొచ్చు. అవి ఏడాదిలో కొన్ని వారాలు తిరిగి మిగతా నెలలన్నీ ఖాళీగా ఉంటాయి. వాటి మీద పెట్టిన అప్పుకు వడ్డీ మాత్రం 12 నెలలూ నడుస్తుంది.

బయటివాళ్లు అంతగా గమనించని విషయాలు ఇంకో రెండున్నాయి. భారీ వరద ఉన్నప్పుడు డ్యామ్ కింద వైపు, టర్బైన్ దాటిన నీరు బయటికి వెళ్లే టెయిల్ రేస్‌లో కూడా నీటిమట్టం పెరుగుతుంది. పైన మట్టం పెరగక, కింద పెరిగితే హెడ్ తగ్గుతుంది. నీరు పొంగి పొర్లుతున్న రోజునే మెషీన్ తన పూర్తి సామర్థ్యం ఇవ్వలేకపోవడం కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకు అలవాటైన దృశ్యం. రెండోది, వరద వచ్చే రోజుల్లో వానలు పడుతుంటాయి కాబట్టి వ్యవసాయ మోటార్లు ఆగిపోతాయి, ఏసీలు తగ్గిపోతాయి, డిమాండే పడిపోతుంది. కరెంటు బాగా దొరికే రోజు, కరెంటు బాగా కావాల్సిన రోజు ఒకటి కావు.

సముద్రంలోకి పోయే నీటి గురించి ఇంకో మాట. ప్రకాశం బ్యారేజీ దగ్గర, ధవళేశ్వరం దగ్గర కనిపించే ఆ మహా ప్రవాహానికి దిగడానికి ఎత్తు లేదు. కొన్ని మీటర్ల తేడాతో ఎన్ని లక్షల క్యూసెక్కులు పోయినా వచ్చే కరెంటు తక్కువ, దానికి కట్టాల్సిన మెషీన్ సైజు చాలా పెద్దది. నీరు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్నచోట కాప్లాన్ టర్బైన్ వాడతారు, ఓడ ప్రొపెల్లర్ లాంటి రెక్కలుంటాయి. పోలవరంలో 80 మెగావాట్లవి 12, మొత్తం 960 మెగావాట్లకు పెడుతున్నవి ఈ రకమే. శ్రీశైలం, సాగర్‌లలో ఉన్నవి ఫ్రాన్సిస్ రకం. కొండల మీద నుంచి వందల మీటర్లు దిగే కొద్దిపాటి నీటికి పెల్టన్ చక్రం. నదిని చూసి మెషీన్ ఎంచుకోవాలి గానీ మెషీన్ పెట్టి నదిని మార్చలేం.

అలాగని మనం నీటిని ఒక్కసారే వాడి వదిలేస్తున్నామనుకోకండి. జూరాలలో 234 మెగావాట్లు, దిగువ జూరాలలో 240, తర్వాత శ్రీశైలం, సాగర్ ప్రధాన కేంద్రంలో 815, సాగర్ కింద నీటిని నిలిపే చిన్న జలాశయం (టెయిల్‌పాండ్) దగ్గర 50, పులిచింతలలో 120. ఒకే నీరు మెట్టు మెట్టుకూ టర్బైన్ తిప్పుతూ దిగుతోంది. సాగర్ కుడి, ఎడమ కాలువల తలల దగ్గర కూడా చిన్న కేంద్రాలున్నాయి, పొలానికి వెళ్లే నీరు కూడా కరెంటు ఇచ్చే వెళ్తుంది. టర్బైన్ నీటిని తాగదు, దాని ఎత్తును మాత్రమే తీసుకుంటుంది.

అయితే గొడవ ఎక్కడ వస్తుందంటే, నీరు ఏ వైపు వెళ్లాలన్న దగ్గర. శ్రీశైలాన్ని మొదట మంజూరు చేసింది జలవిద్యుత్ ప్రాజెక్టుగానే. తర్వాత జలాశయం నుంచి కాలువకు నీరు వదిలే పోతిరెడ్డిపాడు రెగ్యులేటర్ ద్వారా రాయలసీమకు, తెలుగుగంగ ద్వారా చెన్నై తాగునీటికి దాని మీద ఆధారపడ్డాం. చెన్నై వాటా 15 టీఎంసీలు. పోతిరెడ్డిపాడు నుంచి సరిగ్గా నీరు పారాలంటే జలాశయంలో 854 అడుగుల పైన, ఇంకా బాగా పైన ఉండాలి. అటు వెళ్లే నీరు శ్రీశైలం టర్బైన్ల గుండా వెళ్లదు. కిందికి వదిలితే కరెంటు వస్తుంది, సాగర్ ఆయకట్టుకు నీరు చేరుతుంది, కానీ సీమకు అందే మట్టం పడిపోతుంది. 2021లో రెండు రాష్ట్రాల మధ్య జరిగిన గొడవకు మూలం ఇదే. నేను ఇక్కడ ఒక రాష్ట్రం పక్షం తీసుకోను. ఇంజనీరుగా నా మాట ఒక్కటే: సీజన్ మొదట్లో, జలాశయం ఇంకా నిండకముందే కరెంటు కోసం కిందికి దించడం చాలా ఖరీదైన పని. ఆ ఏడాది తర్వాత వరద రాకపోతే తాగునీటికి కూడా వెతుక్కోవాలి. 2015లో, 2023లో ఎగువ నుంచి వరద సరిగ్గా రాక కృష్ణా జలాశయాలు ఏ స్థితికి వచ్చాయో చూశాం. ఆ ఏడాదులు హైడల్ స్టేషన్లో పనిచేసేవాళ్లకు చాలా బాధగా ఉంటాయి. మెషీన్లన్నీ సిద్ధంగా ఉంటాయి, నీరు ఉండదు.

ఇంత తక్కువ ఇచ్చేదాన్ని మరి ఎందుకు ఇంత గొప్పగా చెప్పుకోవాలి? గ్రిడ్ ఎలా నడుస్తుందో చూస్తే తెలుస్తుంది. కరెంటును లైన్లలో నిల్వ చేయలేం. దేశమంతా ఏ క్షణం ఎంత వాడుతోందో ఆ క్షణం అంతే తయారవ్వాలి. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలబడితే లెక్క సరిపోయినట్టు. వాడకం ఎక్కువైతే అది పడిపోతుంది, తక్కువైతే పెరుగుతుంది. చల్లారిపోయిన బొగ్గు యూనిట్‌ను మళ్లీ లైన్ మీదకు తేవడానికి గంటలు గంటలు పడుతుంది. బాయిలర్ వేడెక్కాలి, టర్బైన్ కేసింగ్ వేడెక్కాలి, తొందరపెడితే లోహం వంకర పోతుంది. హైడల్ యూనిట్‌కు ఆ బాధ లేదు. గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్ వస్తే టర్బైన్‌లోకి నీరు వదిలే రెక్కలు (గైడ్ వేన్స్) తెరుస్తాం, మెషీన్ స్పీడ్ అందుకుంటుంది, దాన్ని గ్రిడ్ ఫ్రీక్వెన్సీతో కలుపుతాం (సింక్రనైజ్). అంతా కొద్ది నిమిషాల పని. ఒకసారి గ్రిడ్ మీదకు వచ్చాక లోడ్ పెంచడం, తగ్గించడం ఇంకా తేలిక.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 2020 ఏప్రిల్ 5. కరోనా లాక్‌డౌన్‌లో ప్రధానమంత్రి పిలుపు మీద రాత్రి 9 గంటలకు దేశమంతా 9 నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టారు గుర్తుందా? ఆ కొద్ది నిమిషాల్లో దేశం డిమాండ్ 31,000 మెగావాట్లకు పైగా పడిపోయింది. మళ్లీ లైట్లు వేయగానే అంతా తిరిగి పైకి రావాలి. బొగ్గు ప్లాంట్లకు ఈ ఆట చేతకాదు. ఆ రాత్రి 8.45కు హైడల్ ఉత్పత్తిని 25,500 మెగావాట్ల దాకా పెంచి ఉంచారు. 9.10కల్లా దాన్ని 8,000కు దించేశారు, తర్వాత మళ్లీ పైకి తెచ్చారు. దేశంలో ఎక్కడా గ్రిడ్ కూలలేదు. దేశమంతటా హైడల్ స్టేషన్ల కంట్రోల్ రూముల్లో ఆ రాత్రి ఎంత టెన్షన్‌తో కూర్చున్నారో, ఆ పని ఎంత శుభ్రంగా చేశారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అంత పెద్ద సంఘటనే అక్కర్లేదు, ఇప్పుడు రోజూ సాయంత్రం అలాంటి పరీక్షే. మధ్యాహ్నం సోలార్ పుష్కలంగా వస్తుంది. ఆరు దాటేసరికి అది సున్నా అవుతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు మొదలవుతాయి. 2025 మార్చిలో ఒక్క తెలంగాణ గరిష్ఠ డిమాండే 17,000 మెగావాట్లు దాటింది. శ్రీశైలం జలాశయం కరెంటుకు గాదె లాంటిది. గాదెలో గింజలను ఏ నెలలో తీయాలో తెలిసిన ఇల్లు ఒడ్డున పడుతుంది. అందుకే నీటిని పగలు సోలార్ ఉన్నప్పుడు కాకుండా సాయంత్రం నాలుగైదు గంటల కోసం వాడుకోవడం తెలివైన పని. ఆగస్టు, సెప్టెంబరులో గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో మాత్రం మినహాయింపు. అప్పుడు 24 గంటలూ ఫుల్ లోడే, ఎందుకంటే టర్బైన్ గుండా వెళ్లని నీరు ఎలాగూ గేటు మీద నుంచి పోతుంది.

ఇక్కడ మెయింటెనెన్స్ గురించి చెప్పాలి, ఎందుకంటే కొత్త డ్యాముల గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, ఉన్న మెషీన్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఎడమ గట్టున 150 మెగావాట్ల యూనిట్ ఒకటి వరద రోజుల్లో ఒక్క రోజు ఆగితే 36 లక్షల యూనిట్లు పోతాయి. ఆ నీరు మళ్లీ వెనక్కి రాదు. అందుకే ఓవర్‌హాల్ పనులన్నీ ఎండాకాలంలో ముగించుకుని జూన్ చివరికి అన్ని యూనిట్లూ సిద్ధంగా పెట్టుకోవాలి. టర్బైన్ తిరిగే చక్రం (రన్నర్) రెక్కల మీద నీటి బుడగలు పగిలి గుంటలు (కావిటేషన్) పడతాయి, వాటిని వెల్డింగ్‌తో నింపి గ్రైండ్ చేయాలి. గైడ్ వేన్స్ సీళ్లు అరిగితే మూసినా నీరు కారుతూనే ఉంటుంది. నీరు లోపలికి వచ్చే చోట చెత్తను ఆపే జాలీలకు (ట్రాష్ ర్యాక్‌లు) చెత్త, గుర్రపుడెక్క పేరుకుంటే హెడ్ పోతుంది. థ్రస్ట్ బేరింగ్, వైండింగ్, బ్యాటరీలు, ఎక్సైటేషన్ ప్యానెళ్లు ఏవీ నిర్లక్ష్యం చేయదగ్గవి కావు. భూగర్భ కేంద్రాల్లో అయితే ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో 9 మంది చనిపోయారు. పొగ పట్టిన సొరంగంలో నుంచి బయటికి రావడం ఎంత కష్టమో అక్కడ పనిచేసినవాళ్లకే తెలుసు. జలవిద్యుత్‌ను శుభ్రమైన కరెంటు అని పిలిచేటప్పుడు వాళ్లను కూడా గుర్తుపెట్టుకోవాలి. పాత కేంద్రాలను ఆధునీకరించడానికి, అగ్నిమాపక ఏర్పాట్లకు పెట్టే ప్రతి రూపాయీ కొత్త డ్యామ్ మీద పెట్టే రూపాయి కన్నా త్వరగా ఫలితం ఇస్తుందని నా నమ్మకం. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ 1955లో మొదలైంది, 120 మెగావాట్లు, ఇప్పటికీ రెండు రాష్ట్రాలకూ కరెంటు ఇస్తోంది. బొగ్గు ప్లాంట్లకు మామూలుగా అంత ఆయుష్షు ఉండదు. జాగ్రత్తగా చూసుకుంటే హైడల్ స్టేషన్ మూడు తరాలకు పనికొస్తుంది.

రెండో ప్రశ్న. ప్రభుత్వ లెక్కల్లో 25 మెగావాట్ల లోపు ఉన్న చిన్న కేంద్రాలనే చాలాకాలం పునరుత్పాదక ఇంధనంగా చూశారు. 2019 మార్చిలో కేంద్ర కేబినెట్ పెద్ద కేంద్రాలను కూడా ఆ జాబితాలో చేర్చింది. కార్బన్ పరంగా చూస్తే అది సబబే. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక ప్రకారం కట్టడం నుంచి కూల్చడం దాకా అన్నీ కలిపి చూస్తే ఒక యూనిట్‌కు బొగ్గు 820 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్‌కు సమానమైన వాయువులు వదిలితే, జలవిద్యుత్ మధ్యస్థ విలువ 24 గ్రాములు. అయితే ఈ 24 అన్ని జలాశయాలకూ వర్తించదు. వేడి ప్రాంతాల్లో అడవిని నరకకుండా ముంచేస్తే ఆ చెట్లు నీటి అడుగున కుళ్లి మీథేన్ వస్తుంది. బ్రెజిల్‌లోని బాల్బినా డ్యామ్ 250 మెగావాట్ల కోసం 2,300 చదరపు కిలోమీటర్లకు పైగా అమెజాన్ అడవిని ముంచింది. అలాంటి డ్యామ్‌ను ఏ లెక్కలోనూ సమర్థించలేం. ఎంత నేల ముంచి ఎంత కరెంటు తెచ్చామన్నది ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వేయాల్సిన లెక్క.

మన దగ్గర పెద్ద సమస్య పూడిక. శ్రీశైలం కట్టినప్పుడు నిల్వ 308 టీఎంసీలు, ఇప్పుడు 215. సాగర్ 408 నుంచి 312కు వచ్చింది. తుంగభద్ర 133 నుంచి 105కు. ఒక్క శ్రీశైలంలోనే 90 టీఎంసీలకు పైగా చోటు మట్టితో నిండిపోయింది, అది రెండు పులిచింతల జలాశయాలంత. ఆ మట్టి అంతా నిజానికి కిందికి వెళ్లి డెల్టాను పోషించాల్సిన ఒండ్రు. అది ఇక్కడే ఆగిపోయి ఇక్కడ గాదెను తినేస్తోంది, అక్కడికి చేరక తీరాన్ని బలహీనపరుస్తోంది. పూడిక తీయడం గురించి ప్రతి వేసవిలో మాటలు వస్తాయి. 90 టీఎంసీలంటే 250 కోట్ల ఘనపు మీటర్ల పైమాట. ఒక లారీ 10 ఘనపు మీటర్లు మోస్తుందనుకుంటే 25 కోట్ల లారీ ట్రిప్పులు. తీసిన మట్టి ఎక్కడ పోస్తాం? కాబట్టి చేయగలిగింది ఎగువన అడవిని, గట్లను కాపాడి కొత్త మట్టి రాకుండా చూడటమే. శ్రీశైలం లాంటి కొండ లోయ కృష్ణా మీద ఇంకొకటి లేదు. మంచి సైట్లు అయిపోయాయి.

తిరిగి రానిది ఇంకొకటి ఉంది. శ్రీశైలం ముంపులో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు అటూ ఇటూగా ఊళ్లు పోయాయి. దాదాపు లక్ష మంది ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లారు, 1981లో చాలామందిని బలవంతంగా ఖాళీ చేయించారు. గుళ్లను రాయి రాయి విప్పి అలంపురం దగ్గరికి తరలించగలిగాం. మనుషుల బతుకుల్ని అలా తరలించలేకపోయాం. పోలవరంలో ముంపు కుటుంబాలు లక్షకు పైనే, అందులో ఎక్కువ మంది గిరిజనులు. ఆ ప్రాజెక్టు కరెంటు చవక అని చెప్పే ముందు వాళ్ల పునరావాసం ఖర్చు పూర్తిగా కలపాలి, ముంపు కన్నా ముందే ఆ పని పూర్తవ్వాలి. నేను బతికిందంతా ఈ స్టేషన్ల జీతం మీద. అందుకే ఈ మాట అనడం నా బాధ్యత అనుకుంటున్నాను. పర్యావరణవేత్తలు, నిర్వాసితుల సంఘాలు అడిగే ప్రశ్నలు అభివృద్ధికి అడ్డం కాదు, ప్రాజెక్టు అసలు ఖరీదు ఎంతో వాళ్లే లెక్క చెబుతున్నారు.

హిమాలయాల్లో అపాయం వేరే రకం. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీలో కొండ విరిగిపడి వచ్చిన వరద రిషిగంగ, తపోవన్ ప్రాజెక్టులను ముంచేసింది. 2023 అక్టోబరు 4న సిక్కింలో ల్హోనాక్ హిమ సరస్సు తెగి 1,200 మెగావాట్ల తీస్తా-3 డ్యామ్ కొట్టుకుపోయింది. హిమానీనదాలు కరుగుతున్న కొద్దీ అక్కడ పాత వరద లెక్కలు పనికిరావు. దక్షిణాదిలో అంత ప్రమాదం లేకపోయినా 2009 కృష్ణా వరద మన డిజైన్ అంచనాలను దాటిందని మరవకూడదు.

ఇక పంప్డ్ స్టోరేజ్. మీరు విన్నది నిజమే. 100 యూనిట్లు పెట్టి నీటిని పైకి ఎక్కిస్తే, దించేటప్పుడు తిరిగి వచ్చేది 75 నుంచి 80. ఇది కరెంటు తయారుచేసే ప్లాంటు కాదు, దాచే ప్లాంటు. మధ్యాహ్నం సోలార్ మిగిలిపోయి వాడేవాళ్లు లేక ఆపాల్సి వచ్చే యూనిట్లను తీసుకుని సాయంత్రం పీక్‌లో తిరిగి ఇస్తుంది. మధ్యాహ్నం వృథా అయ్యే 100లో సాయంత్రానికి 75 దక్కడం నష్టం కాదు. ఏ బ్యాటరీలోనైనా కొంత పోతుంది. బ్యాటరీ కన్నా దీని ఆయుష్షు చాలా ఎక్కువ. బ్యాటరీని మాత్రం ఎక్కడంటే అక్కడ, కొన్ని నెలల్లో పెట్టుకోవచ్చు, దీనికి కొండ కావాలి, ఏళ్లు పడుతుంది. రెండూ అవసరమే.

ఇది మనకు కొత్త కూడా కాదు. సాగర్ ప్రధాన కేంద్రంలో 8 యూనిట్లుంటే 7 రివర్సిబుల్ రకం, అటు తిప్పితే టర్బైన్, ఇటు తిప్పితే పంపు. శ్రీశైలం ఎడమ గట్టు 6 యూనిట్లూ అంతే. సాగర్‌లో పైకి పంపు చేయాలంటే కింద నీరు నిలబడాలి, ఆ టెయిల్‌పాండ్ కట్టడానికే దశాబ్దాలు పట్టింది. చేతిలో ఉన్న ఈ 13 మెషీన్లను పంపు పద్ధతిలో క్రమం తప్పకుండా వాడుకోవడం మీద రెండు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకుంటే కొత్తగా ఒక్క ఎకరం కూడా ముంచక్కర్లేకుండా ఎంతో కొంత నిల్వ సామర్థ్యం దొరుకుతుంది. శ్రీశైలం, సాగర్‌ల మధ్య నీరు అటూ ఇటూ తిరిగినంత మాత్రాన ఎవరి వాటా తగ్గదు, మీటర్లు పెట్టి లెక్క రాసుకుంటే సరిపోతుంది.

కొత్తవాటిలో రెండు రకాలున్నాయి. కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్లతో కట్టినది నదికి దూరంగా, పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం పెట్టుకుని అదే నీటిని తిప్పుకునే రకం. ఒకసారి నింపుకున్నాక ఆవిరైనంత నీరు మాత్రం కలుపుకుంటే చాలు. బంజరు భూమిలో, సోలార్ పార్కుల పక్కన ఇలాంటివి వస్తే నేను పూర్తిగా సమర్థిస్తాను. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లతో ప్రతిపాదించినది ఉన్న జలాశయాలనే వాడుకుంటుంది, ఇంజనీరింగ్ పరంగా మంచి సైటు. కానీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండల మీద ప్రైవేటు సంస్థలకు ఇవ్వజూపిన మరికొన్ని ప్రాజెక్టుల విషయంలో గిరిజనులు రోడ్డెక్కారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ చేతికి, గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన పెసా చట్టం 1996లోనే అధికారం ఇచ్చింది. ఆ సభ జరగకుండా, కాగితం మీద జరిగినట్టు రాసుకుని కట్టే ప్లాంటును పచ్చని కరెంటు అని పిలవడం నాకు సమ్మతం కాదు.

మీ ప్రాంతంలో కూడా పంప్డ్ స్టోరేజ్ ప్లాంటు ఒకటి వస్తోందని రాశారు కాబట్టి, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తే అడగాల్సినవి చెబుతాను. పై జలాశయానికీ కింది జలాశయానికీ మధ్య ఎత్తు ఎంత, సొరంగం పొడవు ఎంత అని అడగండి. ఎత్తు ఎక్కువ, పొడవు తక్కువ ఉంటే తక్కువ నీటితో, తక్కువ ముంపుతో పని అవుతుంది. మొదటిసారి నింపే నీరు ఏ నది నుంచి, ఏ నెలలో తీసుకుంటారో, కరువు ఏడాదిలో తాగునీటికీ దీనికీ పోటీ వస్తే ఎవరికి ముందో లిఖితపూర్వకంగా ఇమ్మనండి. పంపు చేయడానికి వాడే కరెంటు ఎక్కడిదో కూడా అడగండి. మధ్యాహ్నపు సోలార్ అయితే సరే, రాత్రి బొగ్గు కరెంటుతో నింపేట్టయితే పొగ కొండ ఇవతల లేకపోయినా అవతల ఉంటుంది. సొరంగాలు తవ్విన రాయి ఎక్కడ పోస్తారన్నది చాలామంది మరిచిపోయే ప్రశ్న. వాగుల్లో పోస్తే మొదటి వానకే కింది పొలాల్లోకి వస్తుంది, డంపింగ్ యార్డు సర్వే నంబర్లు చూపించమనండి. ఈ వివరాలన్నీ ప్రాజెక్టు రిపోర్టులో ఉండి తీరాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని తెలుగులో ఇవ్వడం కూడా వాళ్ల బాధ్యతే, సేకరణకు ముందే కాపీ తీసుకుని చదువుకుని వెళ్లండి.